కృత్రిమ స్తనము దేహమున కుదురుకొను తీరు : అఱువదియేండ్ల చరిత్ర

వలసలు, శాసనములు, కులవృత్తులు విషయములుగా గల ఇట్టి సంపుటమున శస్త్రవైద్యచరిత్రకు చెందిన ఈ వ్యాసము కొందఱు చదువరులకు ఎబ్బెట్టుగా తోపవచ్చును. స్త్రీదేహమును గూర్చి పదుగురిలో ముచ్చటించుట మర్యాద కాదను తలంపు మనలో ఇంకను పోలేదు. అయినను దీనిని వ్రాయుటకు కారణము గలదు. చెన్నపట్టణమున, బెంగుళూరున, బరంపురమున, నాగపురమున తరతరములుగా స్థిరపడిన మన కుటుంబముల స్త్రీలు ఆస్పత్రికి పోయినప్పుడు తమచేతికిచ్చిన సమ్మతిపత్రముపై సంతకము చేయుదురు. ఆ పత్రము ఇంగ్లీషుననో, ఆయా రాష్ట్రభాషలోనో ఉండును గాని తెలుగున నుండుట అరుదు. ఇంటిలో తెలుగు మాటలాడుచు బయట మఱియొక భాష చదువుకొనెడి మనవంటివారికి దేహబాధలను చెప్పుకొను మాటలు మాత్రము ఇంటిభాషలోనే మిగిలియున్నవి. కావున ఈ విషయమును ఇంటిభాషలో ఒకమాఱు చెప్పుకొనుట మేలని తలంచితిని.

ఇది ధనికుల ముచ్చట మాత్రమే యనియు త్రోసివేయ వీలులేదు. 2018 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వము చెన్నపట్టణమందలి స్టాన్లీ ఆస్పత్రిలో బీద స్త్రీలకు ఈ శస్త్రచికిత్సను ఉచితముగా చేయు ఏర్పాటును ప్రారంభించెను. దానిని మెచ్చినవారును కలరు. ఇది వైద్యమా, విలాసమా యని తప్పుపట్టినవారును కలరు. ఆ వాదము నిట్లుంచి, ఇరుపక్షములవారును అంతగా పట్టించుకొనని వేఱొక ప్రశ్నను ఇందు చర్చింపదలచితిని. సిలికోను సంచిని ఱొమ్ములో నిలిపిన పిమ్మట అది కుదురుకొనుటకు ఎంతకాలము పట్టును? రోగి ఈ మాట అడిగినచో వైద్యుడు ఆఱువారములనియో, ఆఱునెలలనియో చెప్పును. చరిత్రను చూచినచో అంత చిన్న సమాధానము దొరకదు.

కుండ దొరలకుండ దానిక్రింద మనవారు గడ్డితోనో గుడ్డతోనో చుట్టి పెట్టెడి చుట్టను కుదురు అందురు. దేహమును తనలోనికి వచ్చిన పరాయివస్తువునకు ఇట్టి కుదురు నొకదానిని తానే అల్లుకొనును. కాలిలో ముల్లు విఱిగి లోపలనే నిలిచినచో కొన్నాళ్ళకు దానిచుట్టు కాయ కట్టుట మన పల్లెలలో ఎఱుగనివారు లేరు. పరాయివస్తువు విషయమున దేహమునకు తెలిసిన త్రోవలు మూడే. దానిని కరగించుకొనుట, చీముపట్టించి బయటికి నెట్టుట, ఈ రెండును సాగనప్పుడు చుట్టును గోడకట్టి వెలివేయుట. సిలికోను కరగదు. పరిశుభ్రముగా పెట్టినచో చీమును పట్టదు. కావున దేహము మూడవ త్రోవనే పట్టును. శస్త్రమైన కొలది సేపటికే నెత్తుటిలోని మాంసకృత్తులు సంచిపై అంటుకొనును. వానివెంట తెల్లకణములును, వానివెనుక నారకణములును చేరి కొల్లాజెను అనెడి నారపదార్థమును అల్లును. కొన్ని వారములలో సంచిచుట్టును పలుచని తొడుగు ఏర్పడును. వైద్యులు దీనిని క్యాప్సూలు అందురు.

ఈ తొడుగు రోగము కాదు. ఇది లేనివారు లేరు. మెత్తగా పలుచగా నున్నంతకాలము ఇది సంచిని తనచోట నిలుపును. బిగిసి ముడుచుకొన్ననాడు మాత్రము లోపలి మెత్తని సంచి గట్టి బంతి యగును. సంచి గట్టిపడినదని అందఱు ననుకొందురు గాని నిజమునకు సంచి మెత్తగానే యుండును. దానిని పిసికెడి పిడికిలియే గట్టిది. మానుచున్న పుండ్లలో కండరమువలె ముడుచుకొనగల నారకణములు గలవని 1971లో గాబియానీయు ఆయన సహచరులును చూపిన పిమ్మటగాని ఆ పిడికిలి యేదో వైద్యులకు బోధపడలేదు. అప్పటికి ఈ శస్త్రము పుట్టి తొమ్మిదేండ్లయ్యెను.

అంతకుముందు జరిగిన ప్రయత్నములను ముందు చెప్పవలెను. మనవారిలో ఏ శస్త్రమును గూర్చి చెప్పినను అది సుశ్రుతమున నున్నదనెడివారు కలరు. తెగిన ముక్కును, చినిగిన చెవితమ్మెను చక్కదిద్దుట సుశ్రుతసంహితలో నున్నమాట నిజము. అక్కడ వాడినది రోగి సొంత చర్మమే. పరాయివస్తువును శాశ్వతముగా లోపల నిలుపుట వేఱు విద్య. దానికి ఆ గ్రంథమును సాక్షిగా పిలుచుట న్యాయము కాదు. ఐరోపాలో 1895లో హైడెల్బర్గు శస్త్రవైద్యుడు విన్సెంజు చెర్ని, ఱొమ్ములోని గడ్డను తీయుటచే ఏర్పడిన లోటును పూడ్చుటకు ఆ స్త్రీ వీపుననున్న క్రొవ్వుగడ్డను తెచ్చి అచట అమర్చెను. అదియును సొంతవస్తువే. ఇంచుమించు ఆ కాలముననే వియన్నా నగరమున రాబర్టు గెర్సూని పారఫిను మైనమును కరగించి సూదితో ఎక్కించు పద్ధతిని తెచ్చెను. మైనము చర్మముక్రింద పెట్టినచోట నిలువలేదు. గడ్డలు కట్టెను, పుండ్లయ్యెను, చోటు వదలి జాఱెను. ఇరువదవ శతాబ్దము నడుమ ద్రవరూపమున నున్న సిలికోనును సూదితో ఎక్కించిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట జపానున ఇది మిక్కిలిగా జరిగెను. తరువాత అమెరికాకు వ్యాపించెను. ఫలితము మైనముకంటె మేలు కాలేదు. చివరకు నెవాడా రాష్ట్రము దానిని నేరముగా శాసింపవలసివచ్చెను.

1950 ప్రాంతమున వచ్చిన పాలివినైలు స్పంజి మఱియొక పాఠము నేర్పెను. తడిలో మెత్తగానుండెడి ఆ స్పంజిని ఱొమ్ము ఆకారముగా కత్తిరించి లోపల నుంచిరి. మొదటి నెలలలో వైద్యునకును రోగికిని సంతోషమే. కాని స్పంజికి రంధ్రములు గలవు. ఆ రంధ్రములలోనికి దేహపు నార చొచ్చి అల్లుకొనెను. ఏడాది తిరుగునప్పటికి స్పంజి కుంచించి చెక్కవలె గట్టిపడెను. దేహము దానిని బాగుగా అంగీకరించుటయే అచట చేటయ్యెను.

సిలికోను రబ్బరునకు అప్పటికే వైద్యలోకమున మంచిపేరు వచ్చియుండెను. డౌ కెమికల్, కార్నింగు గ్లాసు సంస్థలు కలసి 1943లో డౌ కార్నింగు సంస్థను నెలకొల్పెను. 1956లో జాన్ హోల్టరు అను యంత్రపనివాడు, మెదడులో నీరుచేరు జబ్బుతో పుట్టిన తన బిడ్డకొఱకు నీటిని మెల్లగా దింపెడి చిన్న కవాటమును రూపొందించెను. దానికి సిలికోను పనికివచ్చెను. ఆ కథ వేఱుగా చెప్పదగినంత పెద్దది. ఇచటికి కావలసినది ఒకటే: సిలికోను దేహముతో కలహింపని వస్తువను నమ్మకము అప్పటినుండి బలపడెను.

ఇక హ్యూస్టను. టెక్సాసు రాష్ట్రమందలి ఆ నగరమున జెఫర్సను డేవిసు ఆస్పత్రి యను ధర్మాసుపత్రి యుండెడిది. థామసు క్రోనిను అచటి పెద్ద శస్త్రవైద్యులలో నొకడు. ఫ్రాంకు జెరో ఆయనకంటె చిన్నవాడు. నెత్తురును గాజుసీసాలలో గాక ప్లాస్టికు సంచులలో నిలువచేయుట అప్పుడప్పుడే వచ్చినది. అట్టి నెత్తుటిసంచిని చేతబట్టి ఒత్తిచూచిన జెరోకు అది స్త్రీ స్తనమువలె తోచెననియు, అచటినుండియే ఈ ఆలోచన పుట్టెననియు ఆనాడు వారివద్ద పనినేర్చుకొనుచుండిన థామసు బిగ్సు తరువాతికాలమున చెప్పెను. మొదటి సంచిని ఎస్మెరాల్డా అను ఆడుకుక్క చర్మముక్రింద పెట్టిరి. రెండువారములకు ఆ కుక్క తన కుట్లను కొఱికికొనుటచే సంచిని తీసివేయవలసివచ్చెను. ఆ రెండువారములలో కీడేమియు కనబడకపోవుటచే మనుష్యులయందు ప్రయత్నింపవచ్చునని నిశ్చయించిరి. తొడుగు కట్టి బిగియుటకు నెలలును ఏండ్లును పట్టును. రెండువారముల కుక్క దానిని గూర్చి ఏ సాక్ష్యము నీయగలదు? ఈ చరిత్రలో మొదటి పొరపాటు ఇదియే యని నా అభిప్రాయము.

1962 వసంతమున టిమ్మీ జీను లిండ్సే అను ఆఱుగురు బిడ్డల తల్లి ఆ ధర్మాసుపత్రికి వచ్చెను. ఆమె కోరివచ్చినది ఈ శస్త్రము కాదు. ఱొమ్ముపై పొడిపించుకొన్న పచ్చబొట్టును తీయించుకొనుటకు వచ్చినది. వైద్యులు ఈ క్రొత్త ప్రయోగమునకు ఒప్పుకొందువా యని ఆమెను అడిగిరి. తనకు ఱొమ్ములకంటె చెవులను చక్కదిద్దించుకొనవలెనని యున్నదని ఆమె చెప్పినదట. చెవులను సైతము సరిచేయుదుమని వారు మాట యిచ్చిరి. ఆమె ఒప్పుకొనెను. ఇంచుమించు రెండుగంటలలో శస్త్రము ముగిసెను. బీదరాలికి ధర్మాసుపత్రిలో లభించిన ఆ బేరమును నేటి నీతిసూత్రములతో కొలిచినచో ఎన్నో ప్రశ్నలు లేచును. ఆమె మాత్రము తరువాత ఆ వైద్యులను నిందింపలేదు. మొదటి వ్యక్తిని తానేయని తలంచుకొని అబ్బురపడెడిది.

ఆనాటి సంచి నీటిబొట్టు ఆకారమున నుండెను. మందమైన సిలికోను తొడుగులో చిక్కని సిలికోను జెల్లు. వెనుకవైపున డాక్రాను గుడ్డముక్కలు అతికియుండెను. ఆ గుడ్డలోనికి దేహపు నార చొచ్చి సంచిని ఎదయెముకలకు అంటించి పట్టునని వారి తలంపు. స్పంజి చూపిన కీడు ఎఱిగియు సంచి జాఱిపోవునేమోయను భయముచే నార చొచ్చు చోటును కొంత మిగిల్చిరన్నమాట. కొన్నియేండ్లకు ఆ గుడ్డముక్కలు అక్కఱలేదనియు, అవి బిగింపునకే తోడ్పడుచున్నవనియు తెలిసి వానిని మానివేసిరి. 1963లో వాషింగ్టనున జరిగిన అంతర్జాతీయ ప్లాస్టికు శస్త్రవైద్యుల సభలో క్రోనిను దీనిని ప్రకటించెను. సభ మిక్కిలి ఉత్సాహముతో విన్నది.

ఇచట ఒకించుక ఆగి, శస్త్రమైన స్త్రీ దేహమున దినదినమును జరుగునదేమో చెప్పవలెను. శస్త్రవైద్యుడు స్తనము క్రింది మడతయందో, చనుమొన అంచుననో, చంకయందో కోసి లోపల ఒక జేబువంటి చోటు చేయును. ఆ జేబు ఎదకండరమునకు పైనైన నుండవచ్చును, క్రిందనైన నుండవచ్చును. మొదటి రెండుమూడు దినములు ఎదపై బరువు పెట్టినట్లు బిగువుగా నుండును. చేయి పైకెత్తుట కష్టము. కండరము క్రింద పెట్టినచో నొప్పి యెక్కువ. తొలివారములలో స్తనములు ఉండవలసినచోటుకంటె ఎత్తున, ఉబ్బి, గట్టిగా నుండును. ఒకటి ముందుగా దిగి ఒకటి వెనుకబడుటయు కద్దు. అద్దములో చూచుకొని పొరపాటు జరిగినదని ఏడ్చెడివారు గలరు. వాపు తీసి, కండరము సడలి, క్రింది చర్మము సాగినకొలది సంచి మెల్లగా దిగును. దీనికి మూడునెలలనుండి ఆఱునెలలవఱకు పట్టును. బరువులెత్తుట సుమారు ఆఱువారములు మానవలెను. చంటిబిడ్డను ఎత్తుకొనుటయు బరువెత్తుటయే యని మన యిండ్లలోని పెద్దలకు వేఱుగా చెప్పవలసియుండును. చనుమొనలందు తిమ్మిరియో, తాకనీయని చుఱుకో కొన్నినెలలుండి తగ్గును. కొందఱికి తగ్గకనే నిలిచిపోవును. కోతమచ్చ ఎఱ్ఱదనము తగ్గి తెల్లబడుటకు ఏడాదియో, అంతకు మించియో కావలెను. ఒకవైపు మాత్రమే హఠాత్తుగా ఉబ్బి నొప్పెట్టినచో లోపల నెత్తురు గూడినదేమో యనియు, జ్వరముతో ఎఱ్ఱబడినచో చీముపట్టినదేమో యనియు అనుమానింపవలెను. అట్టియెడ తెల్లవారనిండని కాచుకొనరాదు.

వైద్యుడు చెప్పెడి కుదురుకొనుట ఇంతవఱకే. 1960 దశకమున వైద్యులు చూచినదియు ఇంతవఱకే. కుట్లు విప్పి, మచ్చ మానినది చూచి, స్త్రీని ఇంటికి పంపి, ఫలితము బాగున్నదని వ్రాసికొనిరి. ఆ స్త్రీలలో పలువురు ఒకటి రెండేండ్లకు తిరిగివచ్చి, రాయివలె గట్టిపడినది, బోర్ల పండుకొనలేకున్నాను, కౌగిలించుకొన్న బిడ్డకు తెలియుచున్నది అని మొఱపెట్టుకొనిరి. మొదట దీనిని అరుదైన దోషముగా ఎంచిరి. 1970 దశకము నడుమకు వచ్చునప్పటికి ఇదియే ఈ శస్త్రపు ముఖ్యచిక్కు అని ఒప్పుకొనక తప్పలేదు. ఫ్లారిడా వైద్యుడు జేమ్సు బేకరు దీనిని నాలుగు మెట్లుగా విభజించెను. మొదటిమెట్టున స్తనము సహజముగా మెత్తగా నుండును. రెండవమెట్టున చేతికి కొంచెము గట్టిగా తగులును గాని కంటికి తేడా తెలియదు. మూడవమెట్టున కంటికిని తెలియును. నాలుగవమెట్టున గట్టిదనమునకు నొప్పి తోడగును. ఆ కొలమాన మీనాటికిని వాడుకలో నున్నది. అది వైద్యుని వ్రేళ్ళకొన తెలిసెడి కొలమానము. స్త్రీ తన మంచముమీద ప్రక్కకు తిరుగునప్పుడు ఎఱిగెడి దానిలో కొంతయే దానికి చిక్కును.

దీనికి ఆనాడు కనుగొన్న చికిత్స వినుటకే కష్టముగా నుండును. వైద్యుడు స్తనమును రెండుచేతులతో బలముగా నొక్కి, లోపలి తొడుగును పటుక్కున తెగునట్లు పిసికెడివాడు. కోత లేదు, కుట్టు లేదు, ఖర్చు తక్కువ. 1976లో దీనిని గూర్చిన వ్యాసము వెలువడిన పిమ్మట చాల వ్యాపించెను. తెగిన తొడుగు తిరిగి అల్లుకొని మరల బిగిసెడిది. ఒక్కొక్కప్పుడు తొడుగుతోపాటు సంచియు చిట్లి జెల్లు బయటికి వచ్చెడిది. ఇంకొందఱు వాపును తగ్గించెడి స్టీరాయిడు మందును సంచిలోనే పోసిచూచిరి. బిగింపు కొంత తగ్గినమాట నిజమే గాని మందు ఊఱి చర్మము పలుచనై సంచి బయటపడిన సందర్భములు గలిగెను. ఇదే దశకమున స్తనము ఇంకను సహజముగా తోపవలెనని సంచితొడుగును పలుచ చేసిరి, జెల్లును పలుచ చేసిరి. అందుచే జెల్లు చెమర్చుటయు, సంచి చిట్లుటయు ఎక్కువయ్యెను. ఒక చిక్కును తీర్పబోయి మఱియొకదానిని తెచ్చుకొనుట ఈ చరిత్రయందు పలుమాఱులు కనబడును.

మేలు చేసిన మార్పులును లేకపోలేదు. 1968లో డెంప్సీ, లేథము అనువారు సంచిని కండరముక్రింద పెట్టు పద్ధతిని ప్రకటించిరి. అందు బిగింపు తక్కువ. ఫ్రాన్సున ఆరియాను 1960 దశకము నడుమ ఉప్పునీటి సంచిని తెచ్చెను. అది చిట్లినను నీరు దేహమున ఇంకిపోవును. కంటికి కనబడని సూక్ష్మజీవులు సంచిపై జిగటపొరగా నిలిచి, చీముపట్టకుండనే తొడుగును రెచ్చగొట్టి బిగింపుకు కారణము కావచ్చునను సిద్ధాంతము 1980 దశకమునుండి బలపడెను. అందుచే జేబును క్రిమిసంహారక ద్రవములతో కడుగుట, సంచిని చేతితో వీలైనంత తక్కువ తాకుట ఆచారమయ్యెను.

ఇంతవఱకు అందముకొఱకు చేయించుకొన్నవారి మాటయే వచ్చినది. క్యాన్సరువలన ఱొమ్మును కోల్పోయిన స్త్రీల కథ వేఱు. 1971లో స్నైడర్మను, గత్రీ అనువారు ఱొమ్ము తీసిన స్త్రీకి సిలికోను సంచితో స్తనమును తిరిగి కల్పించుటను ప్రకటించిరి. చర్మము చాలనిచోట రాడోవాను బెలూనువంటి సంచిని ముందు పెట్టి, వారమువారము ఉప్పునీటితో నింపి, చర్మమును మెల్లగా సాగదీయు పద్ధతిని తెచ్చెను. గర్భిణి కడుపుమీద చర్మము సాగుట చూచినవారికి ఇందులోని మర్మము తెలియును. కాని వీరిలో సంచి కుదురుకొనుట మఱింత కష్టము. లోపల కప్పుకొనుటకు కండ తక్కువ. పైగా కిరణచికిత్స పొందిన చర్మమున తొడుగు తఱుచుగా బిగియును.

ఈ భేదమును అంకెలలో చూపిన పరిశోధన యొకటి గలదు. అమెరికాలో మినిసోటా రాష్ట్రమందలి ఓల్మ్‌స్టెడ్ కౌంటీలో 1964 మొదలు 1991 వఱకు సంచులు పెట్టించుకొన్న 749 మంది స్త్రీల వైద్యపత్రములను మేయో ఆస్పత్రికి చెందిన షెరీను గేబ్రియేలు బృందము పరిశీలించి 1997లో ప్రకటించెను. ఇంచుమించు నలుగురిలో ఒకరికి చిక్కు కలిగి మరల శస్త్రము చేయవలసివచ్చెను. అందముకొఱకు చేయించుకొన్నవారిలో అయిదేండ్లలోపల ఇట్టివారు నూటికి 12. క్యాన్సరు పిమ్మట చేయించుకొన్నవారిలో నూటికి 34. అన్నిటికంటె ఎక్కువగా కనబడిన చిక్కు తొడుగు బిగియుటయే.

ఆ అంకెలు వెలువడునప్పటికే అమెరికా న్యాయస్థానములలో పెద్ద గలభా సాగుచుండెను. 1976 వఱకు ఆ దేశమున ఇట్టి వస్తువులకు ముందస్తు పరీక్ష కోరు చట్టమే లేదు. ఆ యేట చట్టము వచ్చినను అప్పటికే అంగడిలో నున్నవానిని అట్లే ఉండనిచ్చిరి. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలోను, మరల 1991లోను తీర్పులు సంచులను చేసిన సంస్థకు ప్రతికూలముగా వచ్చెను. సిలికోనువలన కీళ్ళవాతము మొదలగు సర్వాంగవ్యాధులు కలుగుచున్నవని వేలకొలది స్త్రీలు వ్యాజ్యములు వేసిరి. 1992లో ఆహారౌషధ సంస్థ అధిపతి డేవిడు కెస్లరు జెల్లుసంచుల వాడుకను నిలిపి, క్యాన్సరురోగులు మొదలగువారికి పరిశోధనలో భాగముగా మాత్రము అనుమతించెను. 1995లో డౌ కార్నింగు దివాలా ప్రకటించెను. 1999లో అచటి జాతీయ వైద్యసంస్థ తన పెద్దనివేదికను వెలువరించెను. సర్వాంగవ్యాధులు సిలికోనువలననే కలుగుచున్నవనుటకు ఆధారము లేదనియు, చిట్లుట, బిగియుట, చీముపట్టుట, మరల మరల కోయించుకొనుట అనెడి స్థానికబాధలే అసలు చింతింపదగినవనియు దాని సారము. పదేండ్ల వ్యాజ్యమున రెండు పక్షములును వాదించుకొన్నది ఒకటి. స్త్రీలు మొదటినుండియు చేతితో తాకి చూపినది వేఱొకటి. ఇరుపక్షములకును తమ గెలుపును చాటుకొను వీలు చిక్కెను గాని రాయివలె గట్టిపడినదన్న ఆ మొదటి మొఱకు చాలినంత చెవి దొరకలేదని నాకు తోచును.

2006 నవంబరులో జెల్లుసంచులకు మరల అనుమతి లభించెను. అప్పుడు విధించిన నిబంధనలలో ముఖ్యమైనది, ఒక్కొక్క సంస్థ సుమారు 40,000 మంది స్త్రీలను పదేండ్లపాటు వెన్నంటి చూడవలెననుట. చిట్లిన సంచి తఱుచుగా పైకి ఏ గుర్తును చూపదు గనుక ఎం.ఆర్.ఐ. పరీక్షలను సైతము సూచించిరి. అది మంచి నిబంధనయే. కాని స్త్రీలలో చాలమంది నడుమనే జాడ తప్పిరి. 2019 మార్చిలో ఆ సంస్థ రెండు కంపెనీలకు హెచ్చరికలేఖలు వ్రాయవలసివచ్చెను. కుట్లు విప్పినపిమ్మట స్త్రీని మఱచిపోవుట హ్యూస్టనుతో పోలేదన్నమాట.

ఈ నడుమ రెండు కీడులు బయటపడెను. ఫ్రాన్సునందలి పి.ఐ.పి. సంస్థ వైద్యమునకు తగిన సిలికోనునకు బదులు కారుచౌకయైన పారిశ్రామిక సిలికోనును నింపి అమ్ముచుండెనని 2010లో తేలెను. దాని స్థాపకుడు జాన్‌క్లోడ్ మాసునకు 2013లో నాలుగేండ్ల శిక్ష పడెను. అది మోసము, దానికి వైద్యచరిత్రలోకంటె నేరచరిత్రలో చోటు తగును. రెండవది మోసము కాదు. సంచి నునుపుగా నున్నచో తొడుగు సులువుగా బిగియుచున్నదని దాని పైభాగమును గరుకుగా చేయుట అప్పటికి ఆచారమైయుండెను. గరుకుతనమువలన బిగింపు తగ్గినది. కాని 1997లో అట్టి తొడుగులో పుట్టిన అరుదైన లింఫోమా యను క్యాన్సరును వైద్యులు మొదటిసారి వర్ణించిరి. 2011లో ఆహారౌషధ సంస్థ హెచ్చరించెను. 2016లో ప్రపంచారోగ్యసంస్థ దానిని ప్రత్యేకవ్యాధిగా గుర్తించెను. 2019 జూలైలో ఆలెర్గాను సంస్థ తన బయోసెల్ గరుకుసంచులను ప్రపంచమంతటను వెనుకకు తీసికొనెను.

ఈ వ్యాధి మిక్కిలి అరుదు. తొడుగుతో సహా సంచిని తొలిదశలో తీసివేసినచో చాలమందికి నయమగును. కావున గరుకుసంచి గలవారందఱును బెదరి తీయించుకొనవలెనని ఎవరును చెప్పుటలేదు. కాని అది వచ్చెడి తీరును స్త్రీలు ఎఱిగియుండవలెను. సంచి పెట్టి తఱుచుగా ఏడెనిమిది, పదియేండ్లు గడచిన పిమ్మట, అంతవఱకు ఏ బాధయు లేని ఱొమ్ము ఒకవైపు నీరుచేరి ఉబ్బును. అంత పాతకోతకు ఈ వాపుతో సంబంధమేమని స్త్రీయు అనుకొనును, ఒక్కొక్కప్పుడు వైద్యుడును అనుకొనును. ఆస్పత్రిలో ఇచ్చిన చీటి అప్పటికి పోయియుండును. సంచి గరుకుదో నునుపుదో, ఏ కంపెనీదో చెప్పగలవారుండరు. శస్త్రమైననాడు ఇచ్చెడి కార్డుమీద సంచిపేరు, అంకె, పరిమాణము ఉండును. దానిని ఇంటిపత్రములతోపాటు భద్రపఱచుకొనుట చిన్నపనియే గాని పదేండ్లకు పెద్ద ఉపకారమగును.

2021 అక్టోబరులో ఆహారౌషధ సంస్థ ఈ సంచులపై నల్లగీతల చట్రములో హెచ్చరికను ముద్రింపవలెననియు, శస్త్రమునకు ముందు వైద్యుడు స్త్రీకి ఒక పట్టికను చదివి వినిపించి ప్రతి అంశమువద్దను ఆమె గుర్తు తీసికొనవలెననియు ఆజ్ఞాపించెను. ఇవి జీవితాంతము నిలుచు వస్తువులు కావు అనునది ఆ హెచ్చరికలోని మొదటిమాటలలో నొకటి. ఆ మాట హ్యూస్టను ఆస్పత్రినుండి అచ్చులోనికి ఎక్కుటకు 59 ఏండ్లు పట్టెను. అటువంటి పట్టికను మన ఆస్పత్రులలో మన భాషలో చదివి వినిపించెడి దినము వచ్చినచో, స్టాన్లీ ఆస్పత్రివంటి చోట్లకు పోయెడి బీదరాలికి అది ఉచితశస్త్రమంతటి మేలే చేయునని తలంచెదను.

టిమ్మీ జీను లిండ్సే 2012లో తన ఎనుబదియవయేట, శస్త్రమై ఏబదియేండ్లు నిండిన సందర్భమున, విలేఖరులతో ముచ్చటించెను. ఆనాటి సంచులు ఆమె దేహమున ఇంకను ఉండెను. అవి ఎన్నటికిని పెట్టినచోటనే నిలిచియుండునని తాననుకొంటిననియు, వయస్సుతోపాటు అందఱి ఱొమ్ములవలెనే అవియు జాఱినవనియు, అది తనకు వింతగా తోచినదనియు ఆమె చెప్పెను.